టీనేజ్ పిల్లల లైవ్ లొకేషన్: మ్యాపు మీద చుక్క ఎంతవరకు చెబుతుంది?

క్లుప్తంగా

లైవ్ లొకేషన్ పెడితే మ్యాపులో కనిపించే చుక్క ఫోన్ ఎక్కడుందో చెబుతుంది, కొన్నిసార్లు అరగంట కిందట ఎక్కడుందో చెబుతుంది. పిల్లవాడు ఎవరితో ఉన్నాడు, ఏ పరిస్థితిలో ఉన్నాడు అన్నది దానికి తెలియదు. ప్రయాణంలో, ఆపదలో ఇది బాగా పనికొస్తుంది. రోజంతా చూస్తూ కూర్చుంటే, అందులోనూ పిల్లలకు తెలియకుండా చూస్తే, వాళ్లంతట వాళ్లు చెప్పే మాటలు తగ్గిపోయే ప్రమాదం ఉంది. ఇంట్లో ఎక్కువ విషయాలు తెలిసేది ఆ మాటల వల్లే. చట్టం తల్లిదండ్రులను ఆపడం లేదు, యాప్ కంపెనీలకు మాత్రం షరతులు పెడుతోంది.

తిరుపతిలో ఈ టెన్షన్ ఎక్కడిది

తిరుపతికి దేవుడి ఊరనే పేరు ఎంత ఉందో చదువుల ఊరనే పేరూ అంతే ఉంది. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, 2015లో ఐఐటీ, సైన్సు చదువుల సంస్థ ఐసర్ వచ్చాయి. వీటి చుట్టూ ఇంటర్ కాలేజీలు, నీట్, జేఈఈ కోచింగ్ సెంటర్లు, ప్రైవేటు హాస్టళ్లు పెరిగాయి. పీలేరు, పుంగనూరు, మదనపల్లె, పుత్తూరు, రైల్వే కోడూరు నుంచి పదో తరగతి అయిన వెంటనే పిల్లల్ని తెచ్చి ఇక్కడ చేర్పిస్తారు. పదహారేళ్ల పిల్ల ఇక్కడ, అమ్మానాన్న బస్సులో గంట నుంచి మూడు గంటల దూరంలో. ఆ మధ్య దూరాన్ని ఇంతకుముందు హాస్టల్ వార్డెన్ ఫోన్ నంబరు ఒక్కటే పూడ్చేది.

చిత్తూరు వైపు కథ వేరు. కుప్పంలో పొద్దున్నే రైలెక్కి బెంగళూరులో పనిచేసి రాత్రికి తిరిగొచ్చే తండ్రులు చాలామంది ఉన్నారు. తిరుపతి జిల్లా సత్యవేడు దగ్గర శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసే తల్లులు ఉన్నారు. ఇలాంటి ఇళ్లలో పిల్లవాడు స్కూలు నుంచి వచ్చే వేళకు తలుపు తీసేవాళ్లు ఉండరు. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా వాడు ఎక్కడున్నాడో తెలుసుకోవడానికి ఉన్నది ఫోన్ ఒక్కటే. "యాడుండావ్‌రా?" అని అడిగితే "వస్తా ఉండా మా" అని జవాబు వస్తుంది. ఆ జవాబు నిజంగా బస్సులోంచి వచ్చిందో, బేకరీ ముందు బెంచీ మీద నుంచి వచ్చిందో తేల్చుకోవాలనిపించినప్పుడు "లైవ్ పెట్టు" అనే మాట పుట్టింది.

కొన్ని సంఘటనలు భయాన్ని పెంచాయి కూడా. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడిలో ఒక చిన్నారి చనిపోయాక, 15 ఏళ్ల లోపు పిల్లలను మధ్యాహ్నం 2 గంటల తర్వాత ఆ దారిలో అనుమతించకూడదని టీటీడీ నిర్ణయించింది. 2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. ఇవి టీనేజ్ పిల్లలకు సంబంధించినవే కానక్కర్లేదు, కానీ ఊళ్లో ఏదైనా జరిగిన రాత్రి ప్రతి ఇంట్లోనూ ముందు చూసేది పిల్లల చుక్కనే. ఇంకో పక్క 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలైంది. చార్జీ అడ్డు తొలగితే ఊరు దాటి వెళ్లి చదువుకునే ఆడపిల్లల ప్రయాణాలు పెరుగుతాయి. ప్రయాణం పెరిగిన చోట "ఎక్కడిదాకా వచ్చావ్" అనే ప్రశ్నా పెరుగుతుంది.

చుక్క ఎలా పుడుతుంది

చుక్క గురించిన గందరగోళంలో సగం ఇక్కడే ఉంది, అందుకే కాస్త నిదానంగా చూడాలి. జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతూ, ఎప్పటికప్పుడు కచ్చితమైన సమయాన్ని సిగ్నల్‌గా పంపుతుంటాయి. ఫోన్ వాటికి ఏమీ పంపదు, వింటుంది, అంతే. ఏ ఉపగ్రహం నుంచి సిగ్నల్ రావడానికి ఎంత సమయం పట్టిందో లెక్కేసి, కనీసం నాలుగు ఉపగ్రహాల దూరాలు కలిపి, తన చోటు కనుక్కుంటుంది. సమయం లెక్కలో సెకనులో పది లక్షలో వంతు తేడా వస్తే చోటు దాదాపు 300 మీటర్లు తప్పుతుంది. ఆకాశం తెరిచి ఉన్న మైదానంలో మామూలు ఫోన్ సుమారు 5 మీటర్ల తేడాతో చెప్పగలదు. ఎస్వీయూ గ్రౌండ్‌లో నిలబడితే చుక్క దాదాపు కచ్చితమే.

గాంధీ రోడ్డు వైపు సందుల్లోకి వస్తే అంత కచ్చితంగా ఉండదు. సిగ్నల్ గోడలకు తగిలి ఆలస్యంగా వస్తుంది, ఫోన్ దాన్ని నేరుగా వచ్చినట్టే లెక్కేస్తుంది, చుక్క పక్క వీధిలోకి దూకుతుంది. కోచింగ్ సెంటర్ మూడో అంతస్తులో, సెల్లార్‌లో అసలు ఉపగ్రహాలు సరిగా వినపడవు. అప్పుడు ఫోన్ చుట్టుపక్కల వైఫై పేర్లను, సెల్ టవర్లను చూసి అంచనా వేస్తుంది. ఊళ్లో టవర్ అంచనా కొన్ని వందల మీటర్ల వరకు తప్పొచ్చు, పల్లెల్లో కిలోమీటర్లలో కూడా తప్పొచ్చు. నగరి లాంటి సరిహద్దు ఊళ్లలో ఫోన్ తమిళనాడు టవర్‌ను పట్టుకుని "తమిళనాడుకు స్వాగతం" అని మెసేజ్ చూపించిందంటే పిల్లవాడు రాష్ట్రం దాటాడని అర్థం కాదు. తలకోన, భాకరాపేట అడవుల్లో అయితే ఉపగ్రహం వినపడినా నెట్‌వర్క్ ఉండదు, అంటే ఫోన్‌కు తానెక్కడుందో తెలుస్తుంది, ఇంట్లోవాళ్లకు చెప్పే దారే ఉండదు.

చాలామంది గమనించని విషయం ఒకటుంది. మ్యాపులో చుక్క చుట్టూ లేత నీలం వలయం కనిపిస్తుంది, "నేను ఈ వలయంలో ఎక్కడైనా ఉండొచ్చు" అని యాప్ ఒప్పుకోవడం అది. వలయం పెద్దదైతే చుక్కను నమ్మకూడదు. ఇంట్లో జరిగే గొడవల్లో మాత్రం వలయం గురించి ఎవరూ మాట్లాడరు, చుక్క గురించే మాట్లాడతారు.

దానికంటే పెద్ద తంటా సమయంతో. బ్యాటరీ ఆదా కోసం ఆండ్రాయిడ్ 2017లో వచ్చిన 8వ వెర్షన్ నుంచీ, తెర మీద తెరిచి లేని యాప్‌లకు లొకేషన్‌ను గంటకు కొన్నిసార్లు మాత్రమే ఇస్తోంది. ట్రాకింగ్ యాప్‌లు దీన్ని దాటడానికి ప్రత్యేక అనుమతులు అడుగుతాయి, కానీ తక్కువ ధర ఫోన్లలో కంపెనీ పెట్టిన బ్యాటరీ సేవర్ ఆ యాప్‌లను నిద్రపుచ్చుతుంది. ఫలితంగా తెర మీద చుక్క రేణిగుంట దగ్గర ఆగిపోయి ఉంటుంది, కింద చిన్న అక్షరాల్లో "47 నిమిషాల కిందట" అని ఉంటుంది. తల్లి చుక్కను చూస్తుంది, చిన్న అక్షరాలను చూడదు. పిల్ల అప్పటికే ఇంటి మెట్లెక్కుతూ ఉండొచ్చు.

హద్దు దాటితే హెచ్చరిక ఇచ్చే ఏర్పాటూ ఉంది. స్కూలు చుట్టూ ఒక గీత గీసి పెడితే, పిల్లవాడు బయటికొచ్చినప్పుడు మోగుతుంది. దీనికి కనీసం 100 నుంచి 150 మీటర్ల వ్యాసార్థం పెట్టుకోవాలని గూగులే యాప్ తయారుచేసేవాళ్లకు సూచిస్తుంది. బాలాజీ కాలనీలో 100 మీటర్లంటే ఒక కోచింగ్ సెంటర్, రెండు టీ కొట్లు, ఒక బేకరీ, ఒక నెట్ సెంటర్. క్లాసు ఎగ్గొట్టి బేకరీలో కూర్చున్నవాడు యాప్ లెక్కలో క్లాసులోనే ఉన్నాడు.

ఇక తిరుమల. కొండ మీద ఆలయంలోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు, కౌంటర్‌లో పెట్టి వెళ్లాలి. క్యూలో పది గంటలున్న పిల్లల చుక్క పది గంటలూ ఆ కౌంటర్‌లోనే ఉంటుంది. హాస్టళ్లలోనూ ఇదే, ఫోన్లు ఆఫీసు బీరువాలో ఉంటాయి, ఆదివారం ఔటింగ్‌కు ఇస్తారు. ట్రాక్ అవుతున్నది ఫోన్ అని, మనిషి కాదని ఇంతకంటే స్పష్టంగా చెప్పే చోట్లు లేవు. పిల్లలకు ఈ సంగతి పెద్దల కంటే ముందే తెలుసు. స్నేహితుడి బ్యాగులో ఫోన్ వదిలేసి వెళ్లడానికి సాంకేతిక జ్ఞానం అవసరం లేదు.

ఈ విషయంలో జిల్లాకు వేరే సంబంధమూ ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వచ్చింది. జీపీఎస్ లాంటి మన దేశపు సొంత నావిక్ వ్యవస్థలో మొదటి ఉపగ్రహాన్ని 2013 జులై 1న పంపింది అక్కడి నుంచే. 2023 మే 29న పంపిన ఎన్‌వీఎస్-01లో ఫోన్లకు అనువైన ఎల్1 సిగ్నల్ చేర్చారు. 2025 జనవరి 29న వెళ్లిన ఎన్‌వీఎస్-02 శ్రీహరికోట నుంచి నూరో ప్రయోగం, అది అనుకున్న కక్ష్యకు చేరలేకపోయింది. నావిక్ కలిసొచ్చే ఫోన్లలో వినపడే ఉపగ్రహాలు పెరుగుతాయి కాబట్టి లెక్క మెరుగవుతుంది. అయితే చుక్క ఎంత కచ్చితమైనా బేకరీకి, క్లాసుకి తేడా చెప్పే స్థాయికే వస్తుంది, బేకరీలో పక్కన ఎవరున్నారో చెప్పే స్థాయికి రాదు.

ఒకే పేరు, రకరకాల పనులు

"ట్రాకింగ్" అని అందరూ ఒకే మాట వాడుతున్నారు గానీ లోపల చాలా తేడాలున్నాయి. 2017 అక్టోబర్‌లో వచ్చిన వాట్సాప్ లైవ్ లొకేషన్‌ను పంపేవాళ్లే మొదలుపెట్టాలి. 15 నిమిషాలు, గంట, 8 గంటలు, ఈ మూడిట్లో ఒకటి ఎంచుకోవాలి, గడువు అయిపోగానే అదే ఆగిపోతుంది. ఈ లెక్కన ఇది "ఇంటికొచ్చేదాకా చూస్తూ ఉండు" అని పిల్లలే అడగడం లాంటిది. అదే ఏడాది మార్చిలో వచ్చిన గూగుల్ మ్యాప్స్ షేరింగ్‌లో "ఆపేదాకా" అనే ఎంపిక ఉంది, ఒకసారి నొక్కితే ఏళ్ల తరబడి నడుస్తుంది. గూగుల్ వాళ్లదే ఫ్యామిలీ లింక్ లాంటివి తల్లిదండ్రుల చేతిలో ఉంటాయి, పర్యవేక్షణ ఉందని పిల్లల ఫోన్‌లోనూ కనిపిస్తుంది. లైఫ్360 లాంటి కుటుంబ యాప్‌లు లొకేషన్‌తో పాటు బండి వేగం, ఫోన్ బ్యాటరీ కూడా చూపిస్తాయి.

ఇంకోటి రహస్యంగా పెట్టే నిఘా యాప్. ఇక్కడ ఆగి ఆలోచించాలి. 2020 అక్టోబర్ నుంచి గూగుల్ ప్లే స్టోర్ నియమాల ప్రకారం, పిల్లల మీద పర్యవేక్షణ యాప్ ఫోన్‌లో ఉంటే ఆ సంగతి నోటిఫికేషన్‌గా ఎప్పుడూ కనిపిస్తూ ఉండాలి. కనపడకుండా పనిచేసేవాటికి ప్లే స్టోర్‌లో చోటు లేదు. అందుకే అలాంటివి బయట వెబ్‌సైట్ల నుంచి ఏపీకే ఫైలుగా (ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా ఎక్కించే ఫైలు) వస్తాయి, వాటిని ఎక్కించడానికి ముందు ఫోన్ భద్రతా తనిఖీని ఆపేయమంటాయి. అంటే బిడ్డ భద్రత కోసమని బిడ్డ ఫోన్‌కున్న తాళం తీసి, ఊరూపేరూ తెలియని కంపెనీకి మెసేజ్‌లు, ఫోటోలు, మైకు అప్పగించినట్టు. ఆ ఫోన్‌లోనే యూపీఐ కూడా ఉండొచ్చు.

ఎయిర్‌ట్యాగ్ లాంటి, తామున్న చోటు చెప్పే బిళ్లలను బ్యాగులో పెట్టేవాళ్లూ ఉన్నారు. ఇవి వస్తువుల కోసం చేసినవి. తెలియని ట్యాగ్ ఒకటి తమ వెంట కదులుతోందంటే ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింటిలోనూ 2024 మే నుంచి హెచ్చరిక వచ్చే ఏర్పాటు ఉంది. కాబట్టి దాచిపెట్టిన ట్యాగ్ ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది, పిల్లకు ముందు కలిగే అనుమానం అమ్మ మీద కాదు, ఎవరో వెంటపడుతున్నారని. ఆ భయానికి కారణం ఇల్లే కావడం విడ్డూరం.

ఇంతకుముందు ఈ పని ఎవరు చేసేవారు

ట్రాకింగ్ కొత్త అలవాటు అనుకుంటే పొరపాటు. ఇరవై ఏళ్ల కిందట లీలామహల్ సర్కిల్‌లో ఎవరితోనో నిలబడ్డ ఇంటర్ కుర్రాడి సంగతి వాడు ఇంటికి చేరకముందే ఇంట్లో తెలిసేది. నాన్న ఆఫీసులో గుమస్తా, కిరాణా కొట్టాయన, రోజూ అదే రూట్లో వచ్చే కండక్టర్, వీధి చివర దర్జీ, వీళ్లందరూ చూసేవాళ్లే. చిత్తూరు లాంటి ఊళ్లో ఇప్పటికీ కొంతవరకు ఇదే నడుస్తోంది.

ఆ పద్ధతిలో చాడీలు ఉండేవి, పరువు గొడవలు ఉండేవి, ముఖ్యంగా ఆడపిల్లల చదువులు ఆగిపోయిన సందర్భాలు ఉన్నాయి. దాన్ని మంచి రోజులని పొగడాల్సిన పని లేదు. కాకపోతే ఒక తేడా ఉంది. చూసిన మనిషి చెప్పాలా వద్దా అని ఆలోచించేవాడు. "మీవాడు సైకిల్ మీంచి పడ్డాడు, నేనే ఆసుపత్రికి తీసుకెళ్లా" అని పరిస్థితిని కూడా కలిపి చెప్పేవాడు. అవసరమైతే అక్కడే దిగి నలుగురిలో అడిగేవాడు. యాప్‌కు చెప్పాలా వద్దా అన్న విచక్షణ లేదు, చెప్పేదాంట్లో సందర్భం లేదు, చెయ్యడానికి చెయ్యీ లేదు. తిరుచానూరు రోడ్డులో చుక్క ఆగిపోయిందంటే పంక్చరా, స్నేహితుడి పుట్టినరోజా, ప్రమాదమా అన్నది చూసేవాళ్ల ఊహకు వదిలేస్తుంది. రాత్రి తొమ్మిదింటికి ఊహ ఎప్పుడూ చెడ్డ వైపే పోతుంది.

ఇంట్లో తెలియడం అనేది ఎలా జరుగుతుంది

పిల్లల మీద కన్నేసి ఉంచితే దారి తప్పరు అన్నది చాలాకాలం మనస్తత్వ శాస్త్రంలోనూ ఉన్న అభిప్రాయమే. 2000లో హకాన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ అనే ఇద్దరు పరిశోధకులు స్వీడన్‌లో 14 ఏళ్ల పిల్లల మీద చేసిన అధ్యయనం ఈ అభిప్రాయాన్ని కుదిపింది. అప్పటిదాకా "పర్యవేక్షణ" పేరుతో కొలుస్తున్నది నిజానికి తల్లిదండ్రులకు ఎంత తెలుసన్నదే. ఆ తెలియడం ఎక్కడి నుంచి వస్తోంది? మూడు దారులు: పిల్లలే చెప్పడం, పెద్దలు అడగడం, నియమాలతో కట్టడి చేయడం. వీటిలో మొదటిదే అన్నిటికంటే బలంగా తేలింది. అన్నీ తెలిసిన తల్లిదండ్రులు బాగా కాపలా కాసినవాళ్లు కాదు, పిల్లలు చెప్పుకోగలిగినవాళ్లు.

ఇది స్మార్ట్‌ఫోన్ల కంటే ముందు నాటి సంగతి, స్వీడన్ ఇళ్లు మన ఇళ్లలాంటివి కావు, పైగా బుద్ధిగా ఉండే పిల్లలు దాచడానికి ఏమీ లేక ఎక్కువ చెబుతారేమో కూడా. ఇవన్నీ ఒప్పుకోవాల్సినవే. అయినా ఈ లెక్క లైవ్ లొకేషన్‌కు సూటిగా తగులుతుంది, ఎందుకంటే ట్రాకింగ్ పెంచేది మూడో దారిని, అదీ మొదటి దారిని పణంగా పెట్టి. రోజూ సాయంత్రం "ఈరోజు రమ్య వాళ్లింటికి వెళ్లాం" అని చెప్పే పిల్ల, "నాకు తెలుసులే, 5:20కి వెళ్లావు, 6:45కి బయటికొచ్చావు" అని ఎదురు విన్నాక, రేపటి నుంచి ఏం చెబుతుంది? చెప్పడానికి మిగిలింది ఏమీ లేదు. చోటు తెలిసింది కాబట్టి విషయం తెలిసినట్టే అని అమ్మ అనుకుంటుంది, రమ్య వాళ్లింట్లో ఏం మాట్లాడుకున్నారన్నది మాత్రం ఎవరికీ తెలియదు.

పిల్లల వైపు అభిప్రాయం ఎలా ఉందో ఒక అమెరికా అధ్యయనం నుంచి కొంత తెలుస్తుంది. 2018లో ప్రచురించిన దాంట్లో 37 భద్రతా యాప్‌లకు పిల్లలు, టీనేజర్లు రాసిన 736 సమీక్షలను పరిశీలించారు. వాటిలో చాలావరకు రెండు స్టార్లో అంతకంటే తక్కువో ఇచ్చినవే. తమను ఇబ్బంది పెడుతున్నాయని, అమ్మానాన్నలతో సంబంధం చెడిందని రాశారు. కోపమొచ్చినవాళ్లే ఎక్కువగా సమీక్షలు రాస్తారన్నది నిజమే. కానీ కొందరు మెచ్చుకున్నారు కూడా: భద్రంగా ఉన్నామనిపించిందని, తమ ఫోన్ వాడకం అదుపులోకి వచ్చిందని. ఒకే సాధనం రెండు ఇళ్లలో రెండు రకాలుగా పనిచేయడానికి కారణం సాధనంలో కంటే దాన్ని పెట్టిన పద్ధతిలోనే ఎక్కువ ఉంది.

ఎవరికి ఎక్కువ కాపలా, ఎవరికి ఎక్కువ ప్రమాదం

మన ఇళ్లలో అమ్మాయి ఫోన్‌లో లొకేషన్ తప్పనిసరి, అబ్బాయి "మగపిల్లాడులే" అని వదిలేయడం మామూలు. ప్రమాదాల లెక్కలు చూస్తే ఇది తలకిందులుగా ఉంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు, అందులో అత్యధికులు మగవాళ్లు. కరకంబాడి రోడ్డులో ముగ్గురెక్కి హెల్మెట్ లేకుండా పోయే స్కూటీ మీద ఉండేది ఎక్కువగా అబ్బాయిలే.

ఆడపిల్లల విషయంలో భయం ఉత్తదని కాదు. కానీ పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసుల్లో 90 శాతానికి పైగా నిందితులు బాధితులకు ముందే తెలిసినవాళ్లేనని జాతీయ నేర గణాంకాలు ఏటా చూపిస్తున్నాయి. బంధువు, పక్కింటివాడు, ట్యూషన్ మాస్టర్. ఆ ఇంట్లో ఉన్నప్పుడు చుక్క "సురక్షిత ప్రాంతం" అనే చూపిస్తుంది, గంట మోగదు. ఇలాంటిది బయటపడేది పిల్ల నోరు విప్పితేనే, అంటే మళ్లీ పైన చెప్పిన మొదటి దారిలోనే.

స్కూటీ సంగతిలో ఇంకో మెలిక ఉంది. 16 ఏళ్లకు 50 సీసీ లోపు గేరు లేని బండికే లైసెన్స్ వస్తుంది, రోడ్ల మీద తిరిగే స్కూటీలు దాదాపు అన్నీ అంతకంటే పెద్దవే. 2019 సవరణతో వచ్చిన మోటారు వాహనాల చట్టం 199ఏ సెక్షన్ ప్రకారం మైనర్ బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా. తమకు తెలియకుండా జరిగిందని నిరూపించుకుంటే మినహాయింపు ఉంది. కొడుకు బండి వేగాన్ని రోజూ ఫోన్‌లో చూస్తున్న తండ్రికి ఆ "తెలియదు" అనే మాట ఎంతవరకు నిలుస్తుందన్నది ఆలోచించాల్సిందే.

ఆ చుక్కను ఇంకెవరు చూస్తున్నారు

లొకేషన్ పిల్ల ఫోన్ నుంచి అమ్మ ఫోన్‌కు నేరుగా వెళ్లదు. మధ్యలో కంపెనీ సర్వర్ ఉంటుంది. వాట్సాప్ లైవ్ లొకేషన్ ఎన్‌క్రిప్ట్ అయి, అంటే మధ్యలో ఎవరూ చదవలేని కోడ్‌గా మారి వెళుతుంది, అన్ని యాప్‌లూ అలా కాదు. లైఫ్360 కుటుంబాల లొకేషన్ డేటాను దళారీ కంపెనీలకు అమ్ముతోందని 2021 డిసెంబర్‌లో అమెరికా పత్రికా కథనం బయటపెట్టింది, 2022 జనవరిలో ఆ అమ్మకాలను చాలావరకు ఆపేస్తామని కంపెనీ చెప్పింది. 2019లో ఫ్యామిలీ లొకేటర్ అనే యాప్ 2,38,000 మందికి పైగా వాడుకదారుల లొకేషన్‌ను పాస్‌వర్డ్ లేని సర్వర్‌లో వారాల తరబడి వదిలేసింది. పిల్లలు ఏ స్కూల్లో ఉన్నారో, ఎప్పుడు బయటికొచ్చారో సహా. పిల్లల గడియారాల్లో రహస్యంగా చుట్టుపక్కల మాటలు వినే సౌకర్యం ఉన్నవాటిని జర్మనీ 2017 నవంబర్‌లోనే నిషేధించింది.

చట్టం ఎక్కడ నిలబడింది

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చింది. 1992లో మన దేశం చేరిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందం 16వ అధికరణ పిల్లలకూ గోప్యత ఉందంటుంది. అయితే ఇంట్లో తల్లి బిడ్డ లొకేషన్ చూడకూడదని చెప్పే చట్టం మాత్రం లేదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా సొంత, ఇంటి అవసరాలకు డేటా వాడే వ్యక్తులకు వర్తించదు.

కంపెనీలకు వర్తిస్తుంది. ఈ చట్టంలో 18 ఏళ్లలోపు అందరూ పిల్లలే, పదిహేడున్నరేళ్ల ఇంటర్ విద్యార్థితో సహా. తొమ్మిదో సెక్షన్ ప్రకారం పిల్లల డేటా తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతిని నిర్ధారించుకోవాలి, పిల్లల మీద నిఘా, ప్రవర్తన పరిశీలన, వాళ్లకు గురిపెట్టిన ప్రకటనలు కుదరవు. ఉల్లంఘిస్తే 200 కోట్ల రూపాయల వరకు జరిమానా. మరి లొకేషన్ యాప్‌ల గతేంటి అన్న ప్రశ్నకు 2025 నవంబర్‌లో వచ్చిన నియమాలు జవాబిచ్చాయి: పిల్లల భద్రత కోసం వాళ్లున్న చోటు తెలుసుకోవడం వరకే పరిమితమైతే మినహాయింపు ఉంది. స్కూలు బస్సుల ట్రాకింగ్‌కూ అంతే. ఆ డేటాతో ఇంకేదైనా చేస్తేనే చిక్కు. ఈ బాధ్యతలు నియమాలు వచ్చిన 18 నెలలకు, అంటే 2027లో అమల్లోకి వస్తాయి.

ఇళ్లలో కుదురుతున్న ఏర్పాట్లు

గొడవ లేకుండా నడిచే ఏర్పాట్లలో కొన్ని పోలికలు కనిపిస్తాయి. చూడటానికి సమయమో సందర్భమో ముందే అనుకుని ఉంటుంది: చెన్నై బస్సెక్కినప్పుడు, తిరుమల నడిచి వెళ్లినప్పుడు, ట్యూషన్ నుంచి ఎనిమిది దాటితే. మిగతా వేళల్లో చూడరు. రెండో వైపు కూడా తెరిచి ఉంటుంది, నాన్న చుక్క కూడా పిల్లకు కనిపిస్తుంది, రాత్రి కుప్పం రైలు ఆలస్యమైతే వంట ఎప్పుడు మొదలుపెట్టాలో పిల్లకే తెలుస్తుంది. కొన్నిసార్లు మనిషిని కాకుండా బండిని చూస్తే సరిపోతుంది, ఆర్టీసీ బస్సు ఎక్కడిదాకా వచ్చిందో చూపించే యాప్ ఉండగా బస్సులో ఉన్న పిల్లను వెంటాడటం ఎందుకు? ఆపదలో లొకేషన్ పంపడానికి 112, రాష్ట్ర పోలీసుల శక్తి యాప్ ఉన్నాయి, వీటిలో మీట నొక్కేది పిల్ల, చూసేది పోలీసులు. ఇంట్లో ఉన్న అమ్మ చుక్కను చూసి చేయగలిగిన దానికంటే దగ్గర్లో ఉన్న గస్తీ బండి చేయగలిగింది ఎక్కువ.

చుక్క ఆగిపోతే ముందు ఏం చేయాలో అనుకుని ఉండటం ఇంకో తేడా. చివరిసారి ఎప్పుడు మారిందో చూడటం, ఫోన్ చేయడం, ఎత్తకపోతే స్నేహితురాలికి చేయడం. ఈ వరుస తెలియని ఇంట్లో మొదటి పని తిట్టడమే అవుతుంది, రెండోసారి పిల్ల ఫోన్ ఎత్తదు.

పద్దెనిమిదేళ్లు నిండాక లెక్క మారాలి. ఏర్పేడు ఐఐటీలోనో చెన్నైలోనో చేరిన విద్యార్థి చట్టం దృష్టిలో పెద్దమనిషి, వాళ్ల లొకేషన్ ఎవరు చూడాలన్నది వాళ్ల సమ్మతి మీదే ఆధారపడుతుంది. కానీ ఇంటర్ మొదటి ఏడాదిలో "ఆపేదాకా" అని నొక్కిన మ్యాప్స్ షేరింగ్‌కు పుట్టినరోజు తెలియదు. బీటెక్ అయి బెంగళూరులో ఉద్యోగంలో చేరినా అది అలాగే నడుస్తుంది. ఆపేస్తే ఇంట్లో "ఎందుకు ఆపావ్?" అని అడుగుతారని చాలామంది ఆపరు. ఆ గొడవ రాకుండా ఉండాలంటే పెట్టిన రోజే ఎప్పుడు తీసేయాలో తేదీ అనుకోవాలి.